చీపురు ఆనించిన తలుపు

తెర్తు ములారి ఎవరింటికి కాఫీకి వెళ్లినా ముందు కుర్చీలో కూర్చోదు. మంచుమీద జారేటప్పుడు ఊతంగా పట్టుకునే స్కీ కర్రను తిరగేసి, దాని పిడితో పైకప్పుకున్న పొగ అలారం బటన్ నొక్కుతుంది. అది చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే బల్లకింద దూరుతుంది. అప్పుడు తెర్తు కోటు విప్పి, "బతికే ఉంది. ఇక కాఫీ పోయండి" అంటుంది.

"నిన్ననే బ్యాటరీ మార్చాను తెర్తూ" అని ఎవరైనా ముందే చెప్పి చూస్తారు.

"నిన్న మార్చింది ఇవాళ నేను నొక్కినంత మాత్రాన అరిగిపోదులే" అంటుంది.

ఉత్తరాన మంచుదేశంలో ఉన్న మా కొర్పివార గ్రామంలో కుక్కలన్నిటికీ ఆమె అడుగుల చప్పుడు తెలుసు. వాకిట్లో ఆ చప్పుడు వినపడగానే అవి తోక ముడుచుకుని లోపలి గదిలోకి పోతాయి. ఊళ్లో ఆమెకు అంతకు మించిన గుర్తింపు లేదని ఆమె మీద చెప్పుకునే జోకు.

తెర్తు మా ఊరి బడిలో వంట చేసేది. ఇప్పుడు నలభై దాటిన వాళ్లంతా ఆమె బఠాణీ సూప్ తిని పెరిగినవాళ్లే. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడ్డాక మున్సిపాలిటీ ఆ భవనాన్ని అమ్మకానికి పెట్టింది. ఊరివాళ్లు తలా కాస్త వేసుకుని కొనుక్కుని ఊరి హాలు చేసుకున్నారు. వంటింట్లో కట్టెలపొయ్యి అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేసి కరెంటు పొయ్యి పెట్టిస్తామని అధికారులు వచ్చిన రెండుసార్లూ తెర్తు వాళ్లకు కడుపునిండా భోజనం పెట్టి వెనక్కి పంపింది.

ఊరి సంఘం మొదటి సమావేశంలో ఆపద సమయాల పని ఎవరు చూస్తారని అడిగితే అందరూ బల్లలోని కొయ్య గీతలను శ్రద్ధగా పరిశీలించారు. మా వాళ్ల సమావేశాల్లో అలాంటి మౌనం ఎంతసేపైనా సాగుతుంది. ఆ సమయంలో తెర్తు వంటింట్లో కప్పులు కడుగుతోంది. అంచేత ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి పని ఆమె మీద పడిపోయింది. "ఈసారి కప్పులు మీరు కడగండి" అని మాత్రం అంది.

ఆమె గురించి రాయడానికి అప్పుడప్పుడూ పట్నం నుంచి విలేఖరులు వస్తారు. ఇంత పట్టుదల వెనక ఏదో విషాదం ఉండే ఉంటుందని వాళ్ల ఊహ. చిన్నప్పుడు ఇల్లేమైనా తగలబడిందా అని మెల్లిగా అడుగుతారు. "మా ఇల్లు ఎప్పుడూ కాలలేదే. కాలాలా?" అంటుంది. నిజంగానే ఏమీ లేదు. కొందరికి తోటపని ఇష్టం, కొందరికి చేపలు పట్టడం ఇష్టం. ఈమెకు మనుషులు క్షేమంగా ఉండటం ఇష్టం.

ఆ పని ఆమె చేసిన పద్ధతి మాత్రం చెప్పుకోదగ్గది. భద్రత మీద ఉపన్యాసం ఉందంటే మా ఊళ్లో ఒక్కడు కదలడు. కానీ ఊరంతా కలిసి ఒక పూట పని చేద్దామంటే రాకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేదు. రాని ఇంటి పేరు ఏడాది పొడుగునా వినపడుతుంది. ఇది తెర్తుకు బాగా తెలుసు. అందుకే ఆమె ఎప్పుడూ ఉపన్యాసం పెట్టించలేదు. ఒంటరిగా ఉండేవాళ్లకు కట్టెలు కొట్టిపెడదాం రండి అంది. కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు నరుకుదాం రండి అంది. వచ్చినవాళ్ల చేతికి గొడ్డలి ఇచ్చే ముందు మంటలార్పే సిలిండర్ ఇచ్చి, పాత తారు పీపాలో నిప్పు పెట్టి, "ముందు ఇది ఆర్పు, తర్వాత కట్టె కొట్టు" అంది. కట్టెలు మోస్తూ మోస్తూనే జనం ఎన్నో నేర్చుకున్నారు. కరెంటు పోతే బావిలోంచి నీళ్లు తోడే మోటారు కూడా ఆగుతుంది కాబట్టి ఇంట్లో డబ్బాలు నింపి ఉంచాలని. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఉండాలని. వేయించే నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టాలని. చివర్లో సూప్, రై ధాన్యపు నల్ల రొట్టె. సూప్ బాగుంటుంది కాబట్టి మళ్లీ వస్తారు.

ఆమె పెట్టిన నియమాల్లో అందరికీ కంఠతా వచ్చింది ఒకటే. చలికాలంలో కరెంటు పోతే స్కీలమీదా, మంచు బండ్లమీదా ఒంటరివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రావాలి. పొగగొట్టంలోంచి పొగ వస్తోందని చెబితే ఆమె ఒప్పుకోదు. కిటికీలో దీపం ఉందంటే ఒప్పుకోదు. "ముఖం చూశావా?" అని అడుగుతుంది. చూడకపోతే మళ్లీ పంపుతుంది.

ఈ నియమం అస్సలు గిట్టనివాడు కలెర్వో తొలోనెన్.

కలెర్వో అడవిలో చెట్లు కొట్టి బతికినవాడు. భార్య పోయాక బురదనేల అవతల, సరస్సు గట్టున ఒక్కడే ఉంటున్నాడు. బిర్చ్ కట్టెలు పేర్చడంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. అతని కట్టెల వరస గోడ కట్టినట్టుంటుంది. చూడటానికి జనం బండి ఆపుకుని దిగేవారు. పేర్చడమే తప్ప కాల్చడానికి మాత్రం అతనికి చేతులు రావు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుంటాడు కానీ ఒక కట్టె ఎక్కువ వేయడు. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి వెలిగించిన రోజున ఆ వేడిలో పిసరంత కూడా పొగగొట్టం దారిన పోకూడదని అతని పట్టుదల.

వాళ్లిద్దరి మధ్య గొడవ నిరుటి చలికాలంలో వచ్చింది. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం తెర్తు అతని ఇంటికి వెళ్లింది. తలుపు తీసే ఉంది, మనిషి లేడు. పెరట్లో సౌనాలో, అంటే ఆవిరిస్నానం గదిలో, ఉన్నాడని గ్రహించి, వస్తాడు కదా అని వంటింట్లో కాచుకుంది. ఊరికే కూర్చోలేక కర్ర తిరగేసి అలారం నొక్కింది. ఇల్లు అంటుకుందనుకుని కలెర్వో సౌనాలోంచి బకెట్ నీళ్లతో మంచులో పరుగెత్తుకొచ్చాడు. ఒంటిమీద నూలుపోగు లేదు.

"మంచిది, బకెట్ దగ్గర్లోనే పెట్టుకున్నావు" అంది తెర్తు.

ఆమె ఆ మాట మెచ్చుకోలుగానే అంది. అతను అలా తీసుకోలేదు. విషయం వారం తిరక్కుండా ఊరంతా పాకింది. దుకాణంలో అతను కనిపిస్తే, "ఏం కలెర్వో, బకెట్లు కావాలా?" అని అడిగేవారు. అతను అందరి ముందూ ఒక్క మాటే అన్నాడు. "ఈసారి కరెంటు పోతే చీపురు పెడతా. ఎవరొస్తారో చూస్తా."

మా వైపు ఇళ్లకు తాళాలు వేయడం ఈ మధ్య మొదలైంది, అదీ అందరూ కాదు. ఇంట్లో ఎవరూ లేకపోతే బయటి తలుపుకు చీపురు ఏటవాలుగా ఆనించి వెళతారు. అంతే. చీపురు కనపడితే పోస్టు మనిషి కూడా మెట్టు ఎక్కడు. దాన్ని జరిపి లోపలికి వెళ్లినవాడికి దొంగ కంటే చెడ్డ పేరు వస్తుంది. దొంగకైతే అవసరం ఉండి ఉండవచ్చు, వీడికి సిగ్గు లేదంటారు.

ఈ జనవరిలో మంచు చెట్లమీద పడి పడి రాయిలా పేరుకుంది. ఫర్ చెట్లు మనుషుల్లా నడుం వంచి నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే విరిగి తీగల మీద పడ్డాయి. కరెంటు పోయింది. మర్నాటికి సెల్‌టవర్ల బ్యాటరీలు కూడా చచ్చి ఫోన్లు మూగబోయాయి. తెర్తు హాలు తెరిచి కట్టెలపొయ్యి రాజేసింది. ఇంట్లో పొయ్యి లేనివాళ్లు పరుపులతో సహా అక్కడికి చేరారు. పొద్దున్నే మనుషులు తలో దిక్కుకూ బయల్దేరారు. సరస్సు వైపు వెళ్లింది తౌనో. మంచు బండి మీద వేట తిరిగే మనిషి, ఆ అడవంతా అతనికి కొట్టినపిండి. అందరికంటే చివర తిరిగొచ్చి, తొడుగులు పొయ్యిమీద ఆరేస్తూ చెప్పాడు.

"అందరూ బాగానే ఉన్నారు. కలెర్వో తలుపుకి చీపురుంది."

"చెల్లెలింటికి పోతానంటున్నాడు కదా, పోయుంటాడు" అంది బంగాళాదుంపల చెక్కు తీస్తున్న సిల్వి. "వెచ్చగా ఉంటాడులే పాపం."

తెర్తు తల ఊపింది. ముఖం చూశావా అని అడగలేదు. చీపురు అన్న మాట వినగానే ఆమె కూడా మా ఊరి మనిషే అయిపోయింది. పక్క ఇంటి సంగతేమిటని అడిగి, పెద్ద గిన్నెలోకి బఠాణీలు వంచింది.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. తౌనో రెండోసారి సూప్ పోయించుకుంటూ మాటవరసకు అన్నాడు.

"పోతూ పోతూ పొయ్యి బాగానే కాల్చాడు కలెర్వో. వాకిట్లో బిర్చ్ కట్టెల వాసన ఇంకా అలాగే ఉంది. నాకైతే కాసేపు అక్కడే నిలబడాలనిపించింది."

తెర్తు చేతిలో గరిటె గిన్నెమీద ఆగింది. "పొగ వస్తోందా?"

"పొగ లేదు. వాసనే."

"ఎవరూ లేని ఇంటికి కట్టెలు కాల్చాడా? కలెర్వో?"

బల్ల చివర ఎవరో నవ్వారు. "వాడు ఉన్నప్పుడే కాల్చడు." ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మిగతావాళ్లు కూడా తినడం ఆపారు.

వాసన ఉండి పొగ లేదంటే కట్టెలు నిప్పులై ఉండాలి. పొగగొట్టానికి అడ్డంగా జరిపే ఇనుప పలక ఒకటి ఉంటుంది మా పొయ్యిలకు. నిప్పులు పూర్తిగా నల్లబడ్డాక దాన్ని మూస్తే వేడి ఇంట్లో నిలుస్తుంది. ఇంకా ఎర్రగా ఉండగానే మూస్తే వేడి మరింత నిలుస్తుంది, దాంతోపాటు రంగూ వాసనా లేని, పొగ అలారానికి దొరకని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా నిలుస్తుంది. ఈ సంగతి మా ఊళ్లో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. తెలిసి కూడా ఏటా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కాస్త ముందే మూస్తారు. బయట గడ్డకట్టే చలి, కరెంటు హీటర్లు చల్లబడ్డాయి, ఆ కాస్త వేడి పోతుందంటే ప్రాణం ఒప్పదు.

తెర్తు కోటు తొడుక్కుంది.

"తెర్తూ, చీపురుంది" అన్నాడు తౌనో.

"చాలా చూశాన్లే చీపుర్లు. బండి తియ్యి."

"నిరుటి దానికి కావాలనే పెట్టి, లోపల కూర్చుని మనకోసం చూస్తున్నాడేమో. పోయామంటే నానా తిట్లూ తిడతాడు."

"తిట్టనీ. తిట్టాడంటే బతికున్నట్టే కదా."

బండి వెనక, మంచుమీద జారే పడవలాంటి సామాను బండి కట్టుకుని వెళ్లారు. కలెర్వో ఇంటి ముందు కొత్త మంచు మీద తౌనో బండి జాడ తప్ప మరో జాడ లేదు. చీపురు తలుపుకు ఆనించి ఉంది. తెర్తు కర్రతో తలుపు బాదింది. పిలిచింది. కిటికీల పరదాలు మూసి ఉన్నాయి. మళ్లీ పిలిచింది.

తర్వాత ఏం జరిగిందో తౌనో చెప్పగా విన్నదే. తెర్తు చీపురు మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయిందట. "అధికారులు ఎదురుగా నిలబడితేనే లెక్కచెయ్యని మనిషి. చీపురు పట్టుకుని చిన్నపిల్లలా చూసింది నా వంక" అన్నాడతను. ఏం చెప్పావని అడిగితే, "ఏం చెబుతాను, నేను పొద్దున అది చూసే కదా తిరిగొచ్చింది" అన్నాడు. ఆమె చీపురును విసిరికొట్టలేదు. తీసి, పక్కనున్న గోడకు జాగ్రత్తగా ఆనించి, తలుపు లాగింది.

లోపల కమ్మటి వెచ్చదనం. పొగ లేదు. కలెర్వో బల్లకూ పొయ్యికీ మధ్య నేలమీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు, దగ్గర్లో కక్కిన మరకలు. చీపురు బయట పెట్టి, కట్టెలకొట్టు దారిన లోపలికి వచ్చి ఉంటాడు.

"నువ్వు రాకు. అవతలికి పోయి కొట్టు తలుపు తెరువు" అని తౌనోకు చెప్పి, తెర్తు గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లింది. అతన్ని ఎత్తడం ఆమె వల్ల కాదు. నేలమీద పాత గుడ్డపేలికలతో నేసిన పొడవాటి తివాచీ ఉంది. మనిషిని దానిమీదికి దొర్లించి, కొస పట్టుకుని గుమ్మం దాకా లాగి, తల బయటికి పెట్టి ఊపిరి పీల్చుకుంది. అవతలి తలుపు తెరిచి ఈవైపు పరుగెత్తుకొచ్చిన తౌనో మిగతాది లాగాడు. బయట వరండాలో కోటు పరిచి పడుకోబెట్టారు. ఊపిరి ఉంది. ఉండీ లేనట్టుగా ఉంది.

"హాలుకి పో. రేడియోలో చెప్పు. కార్బన్ మోనాక్సైడ్ అను, ఆక్సిజన్ తెమ్మను. తిరిగి ఇక్కడికే రా" అంది.

ఫోన్లు లేనప్పటి కోసం హాల్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళం రేడియో ఒకటి ఉంది. తౌనో వెళ్లాడు. తెర్తు ఒక్కతే మిగిలింది. కలెర్వోను పక్కకు తిప్పి, గొంతుకు అడ్డం పడకుండా నోరు తుడిచి, తన శాలువాతో తల చుట్టి, ఆ చలిలో అతని వీపుకు వీపు ఆనించి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడుతూ ఉంటే వింటాడనో, లేక ఏమీ చేయకుండా కూర్చోలేకనో. వాతావరణం గురించి చెప్పింది. చెల్లెలి గురించి చెప్పింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి కోపం వచ్చింది.

"సరే, పడుకో. ఇవాళ్టి నుంచి హాలు పొయ్యికి నీ కట్టెలే. ఆ వరస మొత్తం తోలించుకుపోతా. చివరి పుల్ల దాకా."

కలెర్వో పెదవులు కదిలాయి. "ముట్టుకోకు" అన్నాడు.

ఆ మాట వినగానే ఏడ్చేశానని తెర్తు తర్వాత సిల్వితో చెప్పింది. సిల్వి తప్ప ఇంకెవరూ ఆ మాట ఆమె నోట వినలేదు.

తౌనో తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి అతన్ని పడవబండిలో కట్టి హాలు దాకా తెచ్చారు. విరిగిన చెట్లు నరుక్కుంటూ, మంచు తోసే యంత్రం వెనకాలే అంబులెన్స్ అక్కడికి చేరింది. ఆక్సిజన్ పెట్టి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు, మావాళ్లు అడగలేదు.

కరెంటు వచ్చిన తర్వాత జరిగిన సమావేశంలో జనం తెర్తును మెచ్చుకోవడానికి సిద్ధమై వచ్చారు. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"ముఖం చూడమని చెప్పింది నేనే. చీపురు అనగానే ఊరుకున్నదీ నేనే. తౌనో సూప్ రెండోసారి పోయించుకోకపోతే మనం ఇప్పుడు వేరే పనిమీద కూర్చునేవాళ్లం. కాబట్టి కరెంటు లేనప్పుడు చీపురు చెల్లదు. అభ్యంతరాలుంటే చెప్పండి."

"మరి నిజంగానే ఊళ్లో లేకపోతే?" అని ఒకాయన అడిగాడు.

"హాలుకొచ్చి చెప్పి పో."

"ప్రియురాలి దగ్గరకి పోతుంటే?"

"అప్పుడూ చెప్పి పో. పేరు అడగంలే. అంత ఓపిక ఎవరికుంది."

నవ్వులు ఆగాయి. చీపురు మాట చెల్లదనడం మా ఊళ్లో చిన్న విషయం కాదు. ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి తౌనో చెయ్యెత్తాడు. తర్వాత మిగతా చేతులు లేచాయి.

ఆ వారమే తెర్తు పట్నం వెళ్లింది. కలెర్వో మంచంమీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కిటికీవైపు తిరిగాడు. ఆమె సంచీలోంచి దాల్చినచెక్క బన్నులు తీసి బల్లమీద పెట్టి కూర్చుంది.

"తలుపు కొట్టావా?" అన్నాడు అటు తిరిగే.

"కొట్టాను. పిలిచాను కూడా."

"నాకు వినపడలేదు."

"తెలుసు."

బన్ను ఒకటి తిన్నాడు. "ఇంట్లో పొయ్యి ఎలా ఉంది?"

"పొయ్యి ఉంది. మూసే పలక లేదు. నేను పట్టుకుపోయాను."

"నా ఇంట్లోంచి దొంగిలించావా?"

"అవును. కమ్మరి దగ్గరుంది. దానికి చిల్లు పెడుతున్నాడు, మూసినా కాస్త గాలి ఆడేలా. ఈ కాలంలో చిల్లు లేని పలక నీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు."

"చిల్లులోంచి వేడి పోతుంది తెర్తూ."

"పోతుంది."

"రాత్రంతా పోతుంది."

"రాత్రంతా పోతుంది" అంది తెర్తు. "రెండు కట్టెలు ఎక్కువ కాల్చుకో."

కలెర్వో ఆ రెండు కట్టెల సంగతి చాలాసేపు ఆలోచించాడు. అప్పుడే నర్సు మందులు తెచ్చి, కొత్త ముఖాన్ని చూసి, ఈవిడ మీకు బంధువా అని అడిగింది.

"కాదు" అన్నాడు. "మా ఊరావిడ. తలుపు తియ్యకపోయినా వస్తుంది."

నర్సుకు అందులో ఫిర్యాదే వినపడింది. తెర్తు మాత్రం ఇంకో బన్ను తీసి అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు.